తాళం ఎవరి దగ్గరుంటాది

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే గొడవలో సగం ఆ కోపం వల్ల వచ్చింది, మిగతా సగం నా బద్ధకం వల్ల వచ్చింది.

మాది ఎస్.కోట పక్కన పల్లె. చిన్న చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టడం నా బతుకుతెరువు. విజయనగరంలో ఒక మందుల దుకాణానికీ రెండు రైసు మిల్లులకీ రాశాక, అరకు దాటి ముంచింగిపుట్టు వెళ్ళే రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఒక కాఫీ రైతుల సంఘం కబురు పెట్టింది. నూట ఏడు కుటుంబాలు, అందరూ గిరిజన రైతులే. ఎరువులూ మందులూ వెయ్యకుండా కాఫీ పండిస్తారు. ఆ మాట నోటితో చెబితే కొనేవాళ్ళు నమ్మరు. ఏ తోట ఏ వాలులో ఉంది, దానికి ఏం వేశారు, ఏ బస్తా ఏ తోటలోంచి దిగింది, అన్నీ రాసి చూపించాలి. ఏడాదికోసారి తనిఖీకి ఒక ఆఫీసరు వస్తాడు. రికార్డు లేకపోతే సర్టిఫికెట్ పోతుంది. పోయిందంటే మళ్ళీ మొదటి నుంచి మూడేళ్ళు ఆగాలి, ఆ మూడేళ్ళూ వాళ్ళ కాఫీ సంతలో మామూలు కాఫీలో కలిసిపోతుంది.

నోటు పుస్తకాల్లో ఉన్న ఆ రికార్డునంతా కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. సాఫ్ట్‌వేర్ రాయడం కష్టం కాలేదు. రాసినదాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

కాఫీ పండ్ల తొక్క తీసే షెడ్డులో మీటింగు పెట్టారు. సంఘం అధ్యక్షురాలు యాభై అయిదు దాటిన మనిషి. నేను అప్పా అని పిలిచేదాన్ని, మా వైపు అక్కని అలాగే అంటాం. ఆవిడ నన్ను కంప్యూటరమ్మా అనేది. చేతులు ఊరుకోవు ఆవిడకి. మీటింగులో కూడా ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుళ్ళు ఒలుస్తూ వింటుంది.

"రెండు దారులున్నాయి," అని మొదలుపెట్టాను. "ఒకటి పబ్లిక్ క్లౌడ్. ముంబైలోనో హైదరాబాదులోనో పెద్ద పెద్ద షెడ్లుంటాయి, వాటినిండా కంప్యూటర్లు. మనలాంటి వేలమంది వాటిలో జాగా అద్దెకు తీసుకుంటారు. ఇక్కడ కరెంటు పోయినా, వాన కొట్టినా అక్కడ మన లెక్క భద్రంగా ఉంటుంది. రెండోది ప్రైవేటు. మనకే సొంతంగా ఒక మిషను కొనుక్కుని, ఈ ఆఫీసు గదిలోనే పెట్టుకుని, మనమే చూసుకోవాలి."

నాకు మొదటిదే కావాలి. దాచడం దేనికి, ఘాటు రోడ్డెక్కి మాటిమాటికీ మిషను బాగుచెయ్యడానికి రావడం నా వల్ల కాదనుకున్నాను.

ఆవిడ చిక్కుడుకాయ ఒలవడం ఆపింది. "ఆ షెడ్డుకి తాళం ఎవరి దగ్గరుంటాది?"

"ఆ షెడ్డు వాళ్ళ దగ్గరే."

"అంటే మా తోటల హద్దు గీతలు ఆళ్ళు సూడగలరు."

"చూడరు అప్పా. వాళ్ళకేం పని?"

"సూడరని కాదు, సూడగలరా అని అడుగుతన్నాను."

సరిగ్గా ఇక్కడే నేను నిజం చెప్పి ఉండాల్సింది. ఆ ప్రశ్నకు జవాబు ఉంది. పంపే ముందే మన దగ్గర తాళం వేసి పంపొచ్చు. తాళంచెవి మన దగ్గరే ఉంటే, షెడ్డు ఎవరిదైనా లోపల ఏముందో వాళ్ళకి తెలీదు. కానీ అది రాయాలంటే ఇంకో రెండు వారాల పని. ఒప్పుకున్నదానికంటే ఎక్కువ పని ఎందుకు నెత్తినేసుకోవడం అనుకున్నాను. నోరు మూసుకున్నాను.

ఆవిడ చెప్పింది. వాళ్ళమ్మ పుట్టిన ఊరు ఒక ఆనకట్ట నీళ్ళ కింద ఉందట. "మా అమ్మ సిన్నప్పుడు ఎవులో వొచ్చి ఊరంతా గీతలు గీసుకెళ్ళినారంట. అన్నం ఎట్టి పంపినారంట ఆళ్ళకి. ఆ గీతలేటో మావోళ్ళకి తెలీదు. నీళ్ళొచ్చినప్పుడు తెలిసింది." చేట కింద పెట్టింది. "ఇక్కడ సగంమందికి ఇంకా పట్టాలు రానేదు. మా గీతలు కొండ దాటకూడదు కంప్యూటరమ్మా. మాట ఇత్తావా?"

ఎంత వాదించినా ఆవిడ కదల్లేదు. షెడ్డులో ఉన్న వాళ్ళంతా ఆవిడ పక్షమే. నాకు ఒళ్ళు మండింది. "సరే, మీ ఇష్టం. ఒక్క అక్షరం కూడా కొండ దాటదు, మాట," అన్నాను విసురుగా. విసురుగా ఇచ్చినా మాట మాటే కదా.

మిషను కొన్నారు. ఆఫీసు గదిలో బల్ల మీద పెట్టాం. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని లోపల రెండు డిస్కులు వేశాను. రెండూ ఒకే పెట్టెలో, ఒకే రేకు కింద ఉన్నాయన్న ధ్యాస లేదు నాకు. ఇంటర్ దాకా చదివిన ఆవిడ కోడలు తోటల వివరాలన్నీ ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ పని అయ్యాక, వానలు ముదిరే ముందు, మొత్తం రికార్డుని అరచేతిలో పట్టే ఒక చిన్న డిస్కులోకి ఎక్కించి అధ్యక్షురాలి చేతికి ఇచ్చాను.

"ప్రాణంలా చూసుకో అప్పా. చెమ్మ తగలకూడదు. పురుగూ పుట్రా చేరని చోట పెట్టు."

"నాకు సెప్పాలా అది!" అంది గర్వంగా.

ఆ రోజే, వెనక్కి వెళ్ళే జీపు కోసం ఎదురుచూస్తూ, నేను ఇంకో పని చేశాను. మిషను రోజూ తెల్లవారుజామున, సిగ్నల్ ఉన్నప్పుడు, ఒక నకలుని నా పేరు మీద ఉన్న అద్దె క్లౌడ్‌లోకి పంపేలా పెట్టాను. మూడు నిమిషాల పని. వాళ్ళకేం తెలుసు పాపం, రేపు ఏదైనా అయితే నా పేరే కదా పోయేది అనుకున్నాను. పాపం అనుకున్నానే, ఆ పాపం అనడంలో ఎంత పొగరుందో అప్పుడు తెలీలేదు. ఆషాఢం నుంచి నూట ఏడు ఇళ్ళ గీతలు రోజూ కొండ దిగుతూనే ఉన్నాయి, నేను నవ్వుతూ వాళ్ళింట రాగంబలి తాగుతూనే ఉన్నాను.

దీపావళి దాటాక వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఏకధాటిగా కురిసింది. బుధవారం పొద్దున్న కోడలు ఫోను చేసింది.  "ఆఫీసు రేకు ఎగిరిపోనాది. మిషను మీద రాత్రంతా నీళ్ళు పడినాయి. తెర ఎలగటం నేదు. రేపు పదింటికి తనిఖీ. మా అత్త బేగి రమ్మంతంది."

రైలు లేదు, పట్టాల మీద మట్టి జారిందట. అరకు దాకా బస్సు, అక్కడి నుంచి జీపు. దారిలో రెండు చోట్ల చెట్లు పడి ఉంటే దిగి నడిచాం. నేను చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. మిషను మూత విప్పి వంచితే నీళ్ళు కారాయి. డిస్కులు రెండూ తీసి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాను. ఉలుకూ పలుకూ లేదు.

ఆఫీసు గుమ్మంలో పదిహేను మంది దాకా ఆడవాళ్ళు నిలబడ్డారు. 

"అప్పా, నీకిచ్చిన చిన్న డిస్కు తే."

ఆవిడ ముఖం విప్పారింది. "ఉంది, భద్రంగా ఉంది," అంటూ దాదాపు పరిగెత్తింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక ఎండు ఆనపబుర్ర ఉంది, మసిపట్టి నల్లగా నిగనిగలాడుతోంది. మూతి ఊడదీసి, రాగి గింజల్లోంచి గుడ్డమూట పైకి తీసింది. మూట విప్పితే డిస్కు వచ్చింది. జిడ్డుగా, గోధుమ రంగు తిరిగి, పొగ వాసన కొడుతూ ఉంది.

"ఎక్కడ పెట్టావు దీన్ని?"

"పొయ్యి మీద దూలానికి కట్టినాను. మా ఇత్తనాలన్నీ ఆడే ఉంటాయి. పొగ తగుల్తుంటే పురుగు రాదు, సెమ్మ సేరదు. మా అత్త కాలం నుంచీ ఒక్క గింజ పోనేదమ్మా."

ల్యాప్‌టాప్‌కి తగిలించాను. టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ తగిలించాను. ఈసారి అది కూడా లేదు. నాలుగు నెలలు రోజుకి రెండు పూటలా కింద మంట, పైన మసి. ఏ డిస్కు బతుకుతుంది?

ఇక నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. "పొయ్యి మీద వేలాడదీస్తారా ఎవరైనా! ఇదేమైనా రాగులా, సామలా? ప్రాణంలా చూసుకోమని చెప్పానా లేదా? అద్దె షెడ్డు వద్దు, సొంతంగా చూసుకుంటాం అన్నారు, ఇదేనా చూసుకోవడం?" ఇంకా ఏవేవో అన్నాను. అంతమంది ముందు, నా కంటే ఇరవయ్యేళ్ళు పెద్ద మనిషిని.

ఆవిడ బుర్రని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూలబడింది. "అయితే నానే సంపేసినాను," అంది చిన్నగా. "నూటేడిళ్ళ కట్టం నా పొయ్యిలో ఏసేసినాను."

ఆ మాటతో నా అరుపు ఆగిపోయింది. నా ఫోను నా సంచిలోనే ఉంది. మొన్న తెల్లవారుజాము నాటి నకలు మొత్తం చెక్కుచెదరకుండా నా చేతికి అందేంత దూరంలో ఉంది. ఆ సంగతి బస్సెక్కినప్పటి నుంచీ నాకు తెలుసు. తెలిసి కూడా ఆవిడ మీద అరిచాను. ఎందుకు అరిచానా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ చిన్న డిస్కు పనిచేసి ఉంటే నా దొంగతనం బయటపడకుండా పోయేది, అదీ నా ఏడుపు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అప్పుడే ఒక అబద్ధం తట్టింది, బ్రహ్మాండమైన అబద్ధం. "అరకులో ఒకతనున్నాడు, పాడైన డిస్కుల్లోంచి కూడా తీస్తాడు," అన్నాను. "ఇవి పట్టుకెళ్తాను. పొద్దున్న తనిఖీ టైముకి తెస్తాను." ఆడవాళ్ళంతా ఒక్కసారి గాలి పీల్చుకున్నారు. నా మాటకు అడ్డేముంది? అరకులో ఓ గదిలో కూర్చుని నకలు దించుకుంటాను, పొద్దున్నే దేవతలా దిగుతాను. ఎవరికీ తెలియదు.

డిస్కులు సంచిలో వేసుకుని జీపు దాకా వచ్చేశాను. ఆవిడ వెనకే వచ్చింది, గొడుగు పట్టుకుని.

"నువ్వు ఎల్లిరా అమ్మా. దొరికితే నీ పున్నెం. దొరక్కపోతే ఆఫీసరుకి నానే సెప్తాను."

"నువ్వు ఇంటికెళ్ళి పడుకో అప్పా."

"పడుకోడమేటి? ఇల్లిల్లూ తిరగాల. నా సేత్తోనే పోనాదని ప్రతి గుమ్మంలో సెప్పుకోవాల. ఇంకొకరి నోట ఇంటే బాగోదు." చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంటోంది, ఆ వానలో అప్పటికప్పుడే బయల్దేరడానికి. "సంఘం పెద్దరికం కూడా ఇంకెవరికైనా ఇచ్చెయ్యాల."

నూట ఏడు గుమ్మాలు. ఆ కొండల్లో ఇళ్ళు ఒకచోట ఉండవు. ఒక్కో వాలుకి నాలుగిళ్ళు. నేను అరకులో వేడి టీ తాగుతూ కూర్చుంటే, ఈవిడ చెయ్యని నేరానికి బురదలో గుమ్మం గుమ్మం తిరుగుతుంది. నా వల్ల కాలేదు.

"అప్పా, ఆగు. నా దగ్గరుంది."

"ఏటుంది?"

"మొత్తం. తోటలు, గీతలు, అన్నీ. ఆషాఢం నుంచీ మీకు తెలీకుండా ఆ అద్దె షెడ్డుకి పంపుతున్నాను. మాట తప్పాను."

 గొడుగు ఆవిడ చేతిలో పక్కకి ఒరిగిపోయింది, ఇద్దరం తడుస్తున్నాం.

"తెలిసే సేసినావా?"

"తెలిసే."

"నాను తెలీక పొగలో ఎట్టినాను. నువ్వు తెలిసి కొండ దాటించినావు." ఆవిడ గొంతు పెరగలేదు. "ఇంతసేపూ నా మీద అరిసినావు."

 చెంప మీద కొట్టినా బాగుండేది.

"ఆ షెడ్డు తాళం, అది ఆళ్ళ దగ్గరే ఉందా ఇంకా?"

"ఆఁ."

"మా దగ్గరే ఉండేటట్టు సెయ్యడం అవదా?"

"అవుతుంది."

"అవుద్దా?" నా ముఖంలోకి చూసింది. "మరా రోజు ఎందుకు సెప్పనేదు?"

"పని ఎక్కువని."

"ఓలమ్మ!" అంది ఆవిడ. "పనెక్కువనా?"

వెనక్కి తిరిగి ఆఫీసు వైపు నడిచింది. ఆఫీసు గుమ్మంలో ఆడవాళ్ళందరికీ జరిగింది జరిగినట్టు చెప్పింది. కొందరు నన్ను తిట్టారు, వాళ్ళ భాషలో, అర్థం కాకపోయినా అర్థమయ్యేట్టు. ఒకావిడైతే సర్టిఫికెట్ పోతే పోయిందిగానీ ఆ నకలుని ఇప్పుడే తుడిపించెయ్యమంది. ఇద్దరు ముగ్గురు తలూపారు.  తుడిచేస్తే రేపటికి ఏమీ ఉండదు. తుడవమంటే కాదనే హక్కు నాకు లేదు.

అధ్యక్షురాలు అందరి మాటా విని, చివరికి అంది. "దొంగ సేతిలో ఉన్నా మన గింజ మన గింజే. రేపటికి వాడదాం. దొంగ సంగతి తరవాత."

ఆ వానకి ఊళ్ళో సిగ్నల్ మిగిలింది ఒక్క చోటే, నీళ్ళ ట్యాంకు పక్కన గట్టు మీద. ఫోనులో ఒక గీత వచ్చేది, పోయేది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని అక్కడ రాయి మీద కూర్చున్నాను. ఆవిడ నా వెనక నిలబడి గొడుగు పట్టింది. రెండు గంటలు పట్టింది దిగడానికి. తొంభై శాతం దగ్గర ఒకసారి ఆగిపోయి మళ్ళీ మొదటికొచ్చింది, నాకు ఏడుపొచ్చింది. ఆ రెండు గంటలూ ఆవిడ చెయ్యి మార్చుకుంటూ గొడుగు పట్టింది. అది నా కోసం కాదు, ల్యాప్‌టాప్ తడవకూడదని. మొత్తం దిగిపోయిందని చెబితే గొడుగు ముడిచి ఇంటికి వెళ్ళిపోయింది.

పొద్దున్న తనిఖీ ఆఫీసరు వచ్చాడు. ల్యాప్‌టాప్‌లో వరస తప్పించి అయిదు తోటలు తీయించాడు. వాటిలో రెండింటికి కాలినడకన వెళ్ళాడు. తెరమీద గీత ఎక్కడ మలుపు తిరిగిందో నేల మీద కంచె అక్కడే మలుపు తిరిగింది. నేను ఆయన వెనకాలే నడిచాను. కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు "రికార్డు బాగా ఉంచుకున్నారండీ" అన్నాడు అధ్యక్షురాలితో. ఆవిడ నా వంక చూడలేదు.

ఆ ఊళ్ళో మాట తప్పినవాళ్ళు తప్పు కట్టాలి. కోడీ బియ్యమూ తెచ్చి, వండించి, అందరితో కలిసి తినాలి. తిన్నాక ఆ సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తకూడదు. ముంచింగిపుట్టు సంతలో రెండు నాటుకోళ్ళు కొని తీసుకెళ్ళాను. నకలు తుడిపించెయ్యమన్న ఆవిడే కోడి కోసింది. అధ్యక్షురాలు వడ్డించింది, నాకు కూడా. తిన్నాను. తప్పు తీరింది. దొంగ అన్న మాట ఆ రోజు నుంచి ఎవరి నోటా వినలేదు.

తాళం సంగతి మాత్రం తేలాలి కదా. మళ్ళీ మీటింగు పెట్టారు, ఈసారి నన్ను మాట్లాడమనలేదు, అడిగినదానికి జవాబు చెప్పమన్నారు. వాళ్ళే తేల్చారు. సొంత మిషను ఊళ్ళోనే ఉంటుంది, ఈసారి స్లాబు వేసిన బడి గదిలో. అద్దె షెడ్డులోనూ ఒక నకలు ఉంటుంది, కానీ ఇక్కడే తాళం పడి వెళ్ళాలి. ఆ తాళంచెవి మూడు మాటలు. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరికీ ఒక్కో మాట, వాళ్ళ భాషలో.

ఎగ్గొట్టిన ఆ రెండు వారాల పని కూర్చుని చేశాను. పూర్తయి, మాటలు కొట్టాల్సిన రోజు వచ్చింది. మొదటావిడ కీబోర్డు ముందు కూర్చుంది.

"కంప్యూటరమ్మా, నువ్వు గోడ పక్కకి తిరుగు," అంది అధ్యక్షురాలు.

తిరిగాను. గోడకి సున్నం పెచ్చులూడిపోయి ఉంది. వెనక ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. తప్పు కొట్టి నవ్వుకుంటున్నారు. తలుపు కట్టింది నేను, తలుపు బయట నిలబడ్డదీ నేనే. చెవులు మండిపోయాయి సిగ్గుతో, కోపంతో కూడా. ఎవరి మీద కోపపడాలో తెలీలేదు. "ఇక తిరుగు" అనేదాకా అలాగే నిలబడ్డాను.

రెండేళ్ళు అలాగే జరిగింది. తనిఖీకి ముందు వెళ్తాను, నకలు సరిగా ఉందో లేదో తెరిచి చూడాలి, వాళ్ళు కూర్చుంటారు, నేను గోడకేసి తిరుగుతాను. ఎవరూ చెప్పక్కర్లేదు, నాకే అలవాటైంది.

మొన్నటి తనిఖీకి వెళ్ళినప్పుడు ఇద్దరు కొట్టేశారు. మూడో మాట అధ్యక్షురాలిది. కీబోర్డు చప్పుడు వినపడటం లేదు. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను. 

"ఏటి, ఆ గోడలో ఏటుంది?" అంది వెనకనుంచి.

"నువ్వు కొట్టు అప్పా, నేను తిరగను."

"కొట్టడానికి అచ్చరాలు ఆనాల కదా! కళ్ళు మసకలొచ్చేసినాయి నాకు. ఇటు రా, నువ్వే కొట్టు."

నేను కదల్లేదు. తల మాత్రం తిప్పి మిగతా ఇద్దరి వైపు చూశాను. గోడ మీద చెయ్యి వేసి ఉన్నాను, తియ్యడం మరిచిపోయాను.

"బేగి రాయే," అంది విసుగ్గా. "ఇంటికాడ పనుంది నాకు."

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. నా చెవి దగ్గరికి వంగి ఆ మాట చెప్పింది. పొగ వాసన వచ్చింది ఆవిడ చీర నుంచి. మొదటిసారి తప్పు కొట్టాను. మళ్ళీ చెప్పింది. ఈసారి తెరుచుకుంది.

ఆ మాట ఏమిటో ఇక్కడ రాయను.